చేతి వాచీ చెప్పే ఆరోగ్య లెక్కలు: ఏవి నమ్మవచ్చు, ఏవి నమ్మరాదు?

ఈ మధ్య మా ఓ.పి.కి వచ్చేవారిలో చాలామంది చేతికి స్మార్ట్ వాచీ కనిపిస్తోంది. కొందరు సొంతంగా కొనుక్కున్నారు. కొందరికి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తున్న పిల్లలు పంపించారు. డాక్టరు గారి ముందు కూర్చోగానే చేయి చాపి, "రాత్రి నా గుండె 52 సార్లే కొట్టుకుందట, ప్రమాదమా అండీ?", "ఆక్సిజన్ 91 చూపించింది, అడ్మిట్ కావాలా?", "వాచీలో బి.పి. బాగానే ఉంది, మాత్ర ఆపేయవచ్చా?" అని అడుగుతున్నారు.

ఇలా అడగడం మంచిదే. అడగకుండా వాచీని చూసి మందులు మార్చుకోవడం ప్రమాదం. వాచీ బాగానే చూపిస్తోంది కదా అని గుండెలో నొప్పి పెట్టుకుని ఇంట్లోనే కూర్చోవడం ఇంకా పెద్ద ప్రమాదం. అందుకే ఈ సంచికలో వాచీ చెప్పే ఒక్కొక్క అంకెను తీసుకుని, అది ఎంతవరకు నమ్మదగినదో, దానితో మనం ఏమి చేయవచ్చో, ఏమి చేయకూడదో తెలుసుకుందాం.

వాచీ ఎలా కొలుస్తుంది?

వాచీని విప్పి వెనుక వైపు చూడండి. పచ్చని వెలుగు మిణుకుమిణుకుమంటూ కనిపిస్తుంది. రక్తం ఎర్రగా ఉంటుంది కనుక పచ్చని వెలుగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోని సన్నని రక్తనాళాలలోకి రక్తం కాస్త ఎక్కువగా వస్తుంది. అప్పుడు చర్మం నుండి వాచీకి తిరిగి వచ్చే వెలుగు తగ్గుతుంది. రక్తం వెనుకకు తగ్గగానే వెలుగు పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి వాచీ మన నాడి చెబుతుంది.

వాచీ లోపల ఉండే రెండవ ముఖ్యమైన భాగం కదలికను పసిగట్టేది. చేయి ఎటు ఊగింది, ఎంత వేగంగా ఊగింది అన్నది ఇది గమనిస్తుంది. అడుగుల లెక్క, నిద్ర లెక్క దీని మీదే ఎక్కువగా ఆధారపడతాయి.

అంటే చాలా వాచీలు నిజంగా గమనించేవి వెలుగులో మార్పును, చేతి కదలికను మాత్రమే. మిగతా అంకెలన్నీ వీటి నుండి, మీరు ఫోనులో నింపిన వయసు, ఎత్తు, బరువుల నుండి లెక్కకట్టి చెప్పేవే. నేరుగా గమనించిన దానికి దగ్గరగా ఉన్న అంకెను ఎక్కువ నమ్మవచ్చు. లెక్క ఎంత దూరం వెళితే తప్పు అంత పెరుగుతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే కింది విషయాలన్నీ సులభంగా అర్థమవుతాయి.

1. అడుగుల లెక్క

చేతులు ఊపుకుంటూ, సమతలంగా ఉన్న రోడ్డు మీద, మామూలు వేగంతో నడిచే వ్యక్తికి వాచీ చెప్పే అడుగుల లెక్క చాలావరకు సరిగా ఉంటుంది. తప్పులు వచ్చేది వేరే సందర్భాలలో. చేతికర్ర పట్టుకుని నడిచేవారికి, వాకరు తోసుకుంటూ నడిచేవారికి, మోకాళ్ళ నొప్పితో మెల్లగా అడుగులు వేసే పెద్దలకు లెక్క తక్కువ వస్తుంది. నెత్తిన బిందె పెట్టుకుని ఒక చేత్తో పట్టుకున్నా, చంకలో బిడ్డను ఎత్తుకున్నా అంతే. ఇక గతుకుల రోడ్డు మీద మోటారు సైకిలు నడిపినప్పుడు, బట్టలు ఉతికినప్పుడు, పిండి రుబ్బినప్పుడు కొన్ని వాచీలు నడవని అడుగులు కూడా కలిపేస్తాయి.

రోజుకు 10,000 అడుగులు నడవాలని చాలా వాచీలలో ముందుగానే పెట్టి ఉంటుంది. ఈ అంకె ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకోవడం మంచిది. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగిన తరువాత, 1965లో జపానులోని ఒక కంపెనీ నడుముకు కట్టుకునే అడుగుల యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. దాని పేరు 'మాన్పోకీ'. పదివేల అడుగుల మీటరు అని దాని అర్థం. వైద్య పరిశోధన చేసి తేల్చిన అంకె కాదది, సరుకు అమ్మడానికి పెట్టిన పేరు.

2019లో అమెరికాలో సుమారు 16,700 మంది వృద్ధ స్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. వారి సగటు వయసు 72. రోజుకు సుమారు 2,700 అడుగులు నడిచేవారికంటే 4,400 అడుగులు నడిచేవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. సుమారు 7,500 అడుగుల వరకు మేలు పెరుగుతూ వచ్చి, ఆ తరువాత అదే స్థాయిలో నిలిచిపోయింది. కాబట్టి పదివేలు పూర్తి కాలేదని వృద్ధులు దిగులు పడనక్కరలేదు. ఈ వారం మీ సగటు 2,500 అయితే వచ్చే నెలకు 3,500 చేసుకోండి. అదే మీకు మంచి లక్ష్యం.

2. నాడి

కదలకుండా కూర్చున్నప్పుడు వాచీ చూపే నాడి చాలామందికి బాగానే సరిపోతుంది. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 60 మందికి ఏడు రకాల పరికరాలు కట్టి పరీక్షించారు. ఏడింటిలో ఆరు, నాడిని 5 శాతం లోపు తేడాతో కొలిచాయి. అంటే అసలు నాడి 80 ఉంటే 76 నుండి 84 మధ్య చూపడం అన్నమాట. ఇంట్లో చూసుకోవడానికి ఇది చాలు.

అయితే ఈ లెక్క పాడయ్యే సందర్భాలు ఉన్నాయి. పట్టీ వదులుగా ఉంటే బయటి వెలుగు లోపలికి దూరుతుంది. చేయి బాగా చల్లగా ఉంటే చర్మానికి రక్తం తక్కువగా వస్తుంది. వాచీ కింద ముదురు రంగు పచ్చబొట్టు ఉంటే అది వెలుగును అడ్డుకుంటుంది. వేగంగా పరుగెత్తినప్పుడు, బరువులు ఎత్తినప్పుడు చేతి కదలికనే నాడి అనుకుని వాచీ పొరపాటు పడవచ్చు. గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో కొన్ని దెబ్బలు మణికట్టు దాకా చేరవు కనుక వాచీ అసలుకంటే తక్కువ చూపవచ్చు.

పెద్దవారిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 60 నుండి 100 వరకు ఉండడం మామూలు. నిద్రలో ఇంకా తగ్గుతుంది. రోజూ కష్టపడి పనిచేసేవారికి, వ్యాయామం చేసేవారికి నిద్రలో 50 ప్రాంతానికి దిగడం వింత కాదు. బి.పి.కి, గుండెకు అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి తగ్గుతుంది. ఆ మాత్రల పనే అది. వారు వ్యాయామం చేసేటప్పుడు వాచీ చూపే 'ఇంత నాడి రావాలి' అన్న లక్ష్యాన్ని పట్టించుకోకూడదు. ఆ లక్ష్యాన్ని 220 నుండి వయసు తీసివేసి లెక్కకట్టే వాచీలు చాలా ఉన్నాయి. మీరు ఏ మాత్ర వాడుతున్నారో ఆ లెక్కకు తెలియదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. చాలామందికి ఆ వేగం సరిపోతుంది.

ఒక రోజు అంకెకంటే కొన్ని వారాల తీరు ముఖ్యం. ఎప్పుడూ 70 ఉండే విశ్రాంతి నాడి వారం రోజులుగా 90 దాటి ఉంటే దానికి కారణం వెదకాలి. జ్వరం, రక్తహీనత, థైరాయిడ్ జబ్బు, ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గడం వంటివి నాడిని పెంచుతాయి. వాచీ నిజంగా ఉపయోగపడేది ఇలాంటి చోటే.

3. గుండె లయ, ఇ.సి.జి.

గుండె పై గదులు క్రమం తప్పి అదరడాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అలా అదిరినప్పుడు గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు వెళితే పక్షవాతం వస్తుంది. కొందరిలో ఈ జబ్బు ఏ లక్షణమూ లేకుండా ఉంటుంది. కాబట్టి వాచీ దీనిని పసిగట్టగలిగితే గొప్ప మేలే.

అమెరికాలో 4,19,297 మంది ఆపిల్ వాచీ వాడేవారితో జరిపిన పరిశోధన ఫలితాలు 2019లో ప్రచురితమయ్యాయి. వారిలో 'నాడి క్రమం తప్పింది' అన్న హెచ్చరిక వచ్చినవారు 2,161 మంది, అంటే 200 మందిలో ఒకరు. ఛాతీకి అంటించే ఇ.సి.జి. పట్టీ వేసుకుని తిరిగి పంపిన 450 మందిని పరిశీలిస్తే, 34 శాతం మందిలో ఈ జబ్బు కనిపించింది. ఇది వచ్చి పోయే జబ్బు కనుక, మిగతా అందరికీ వాచీ తప్పు చెప్పిందని అనలేము. అలాగని హెచ్చరిక వచ్చిన ప్రతివారికీ జబ్బు ఉన్నట్టూ కాదు. హెచ్చరిక వస్తే భయపడకుండా ఆసుపత్రికి వచ్చి ఇ.సి.జి. తీయించుకోవాలి. రక్తం పలుచన చేసే మందులు డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

మన దేశానికి సంబంధించిన ఇంకొక మాట. చిన్నతనంలో కీళ్ళవాత జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్నవారిలో, వయసు తక్కువైనా, ఈ లయ తప్పడం కనిపిస్తుంది. అలాంటివారు వాచీ హెచ్చరించే దాకా ఆగకుండా క్రమం తప్పక చెకప్‌కు రావాలి.

ఖరీదైన కొన్ని వాచీలలో వేలు ఆనించి ఇ.సి.జి. తీసే సదుపాయం ఉంది. ఆసుపత్రిలో మేము ఛాతీకి, చేతులకు, కాళ్ళకు పది తీగలు పెట్టి 12 కోణాల నుండి గుండెను చూస్తాము. వాచీ చూసేది ఒకే కోణం. లయ తెలుసుకోవడానికి అది పనికివస్తుంది. గుండెపోటును మాత్రం పట్టలేదు. ఈ మాట తయారుచేసిన ఆపిల్ కంపెనీయే చెబుతోంది. గుండెపోటు వచ్చిన మనిషికి నాడి, ఆక్సిజన్ రెండూ మామూలుగానే ఉండవచ్చు.

4. ఆక్సిజన్

కోవిడ్ రోజుల్లో, 2020, 2021లలో, వేలికి పెట్టుకునే ఆక్సిమీటరు చాలా ఇళ్ళకు చేరింది. ఆ పరికరం వేలికి ఒక పక్క నుండి వెలుగు పంపి మరొక పక్క పట్టుకుంటుంది. వాచీలో అలా కుదరదు. మణికట్టు ఎముకల మీద నుండి వెనుకకు తిరిగివచ్చిన కొద్దిపాటి వెలుగుతోనే లెక్కకట్టాలి. అందుకే చేయి కొంచెం కదిలినా, పట్టీ వదులైనా 90, 88 అని కూడా చూపుతుంది.

వేలి పరికరానికి కూడా పరిమితులు ఉన్నాయి. 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు ప్రచురించిన పరిశీలనలో, ఆక్సిజన్ నిజంగా తగ్గినా వేలి పరికరం బాగానే ఉన్నట్టు చూపడం తెల్లవారిలోకంటే నల్లజాతి రోగులలో సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. చర్మపు రంగు వెలుగు లెక్కను మార్చగలదని దీనివల్ల తెలిసింది.

కాబట్టి వాచీ తక్కువ చూపిస్తే ఇలా చేయండి. కూర్చుని, చేతిని వెచ్చగా రుద్దుకుని, బల్ల మీద ఆనించి కదలకుండా ఉంచి రెండు నిమిషాల తరువాత మళ్ళీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే వేలి ఆక్సిమీటరుతో చూడండి. అందులో కూడా 95కంటే తక్కువగా నిలిచి ఉంటే డాక్టరుకు చెప్పండి. ఉబ్బసం వంటి ఊపిరితిత్తుల జబ్బులు ముందునుండి ఉన్నవారు తమకు ఎంత ఉండాలో డాక్టరును అడిగి రాసిపెట్టుకోవాలి. ఆయాసం ఉంటే మాత్రం ఏ అంకె వచ్చినా ఆగవద్దు, వెంటనే బయలుదేరండి.

5. బి.పి.

మాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే. బి.పి.ని సరిగా కొలవాలంటే దండకు పట్టీ చుట్టి, గాలి నింపి, రక్తనాళాన్ని నొక్కి చూడాలి. పట్టీలోనే గాలి నిండే వాచీలు అరుదుగా ఉన్నాయి. మిగతావన్నీ వెలుగు హెచ్చుతగ్గుల నుండి బి.పి.ని ఊహించి చెప్పేవే. శామ్‌సంగ్ వాచీలలో ఈ సదుపాయం వాడాలంటే ముందుగా మామూలు బి.పి. యంత్రంతో కొలిచి సరిపోల్చుకోవాలనీ, ప్రతి 28 రోజులకు మళ్ళీ అలా చేయాలనీ ఆ కంపెనీయే చెబుతోంది. అంటే ఇంట్లో బి.పి. యంత్రం ఉండవలసిందే.

2025 సెప్టెంబరులో ఆపిల్ తెచ్చిన సదుపాయం అసలు బి.పి. అంకె చెప్పదు. 30 రోజుల సమాచారం చూసి 'మీకు బి.పి. ఉండవచ్చు, పరీక్షించుకోండి' అని హెచ్చరిస్తుంది, అంతే. హెచ్చరిక రాలేదంటే బి.పి. లేదని అర్థం కాదు. బి.పి. ఉందని ముందే తెలిసినవారికి, గర్భిణులకు ఆ సదుపాయం ఉద్దేశించలేదు.

ఇక తక్కువ ధర వాచీలలో, సరిపోల్చమని కూడా అడగకుండా 118/78 అని అందంగా చూపించేవి ఉన్నాయి. ఆ అంకెను చూసి మాత్ర మానేసినవారికి అసలు బి.పి. 180 ఉన్నా తెలియదు. పక్షవాతం, మూత్రపిండాలు చెడిపోవడం ఇలాంటి అజాగ్రత్త వల్లనే వస్తాయి. కాబట్టి వాచీ బి.పి.ని చూసి ఒక్క మాత్ర కూడా పెంచవద్దు, తగ్గించవద్దు.

ఇంట్లో చూసుకోవాలంటే దండకు చుట్టే డిజిటల్ యంత్రం కొనండి. చూసుకునే ముందు అరగంట కాఫీ, టీ, పొగాకు వద్దు. మూత్రానికి వెళ్ళి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోండి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచండి. మాట్లాడకుండా రెండుసార్లు చూసి, రెండూ పుస్తకంలో రాయండి.

6. షుగరు

సూది గుచ్చకుండా షుగరు చెబుతుందని ప్రకటించుకునే వాచీలు, ఉంగరాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. 2024 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ వీటి గురించి ప్రజలను హెచ్చరించింది. చర్మాన్ని గుచ్చకుండా తానే స్వయంగా షుగరు కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది.

ఇందులో ప్రాణాపాయం ఉంది. అసలు షుగరు 110 ఉన్నప్పుడు వాచీ 290 అని చూపిందనుకోండి. అది చూసి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే షుగరు పడిపోయి, చెమటలు పట్టి, మనిషి స్పృహ తప్పవచ్చు. అర్ధరాత్రి ఇలా జరిగితే పక్కవారికి కూడా తెలియదు.

చర్మం కిందికి సన్నని తీగ వెళ్ళేలా చేతికి అంటించుకునే సెన్సర్లు వేరు. అవి షుగరును నిజంగానే కొలిచి ఫోనుకు, కొన్నిసార్లు వాచీకి పంపుతాయి. అక్కడ కొలిచేది సెన్సరు, వాచీ చూపించేది మాత్రమే. గుచ్చడం ఏమీ లేకుండా వాచీయే షుగరు చెబుతుందంటే నమ్మవద్దు. గ్లూకోమీటరు, స్ట్రిప్పులతోనే చూసుకోండి.

7. కేలరీలు, బరువు

నాడి విషయంలో బాగా నెగ్గిన ఆ ఏడు పరికరాలే, అదే స్టాన్‌ఫర్డ్ పరీక్షలో, కేలరీల దగ్గర ఓడిపోయాయి. అన్నిటికంటే మెరుగైనదానిలో సగటున 27 శాతం తప్పు, అన్నిటికంటే హీనమైనదానిలో 93 శాతం తప్పు వచ్చింది. ఒకే దూరం నడిచినా ఒక్కొక్కరి శరీరం ఖర్చు చేసే శక్తి ఒక్కొక్క విధంగా ఉంటుంది. మణికట్టు మీది వాచీకి అది తెలియదు. '400 కేలరీలు ఖర్చయ్యాయి' అని చూపింది కదా అని రెండు పూరీలు ఎక్కువ తింటే బరువు తగ్గడం అటుంచి పెరుగుతుంది.

అమెరికాలో 471 మంది యువతీయువకులతో జరిపి 2016లో ప్రచురించిన మరొక పరిశోధన ఉంది. అందరికీ ఆహారం, వ్యాయామం గురించి సలహాలు ఇచ్చి, సగం మందికి అదనంగా కదలికను కొలిచే పరికరం కూడా ఇచ్చారు. రెండేళ్ళ తరువాత చూస్తే పరికరం ఉన్నవారు సగటున 3.5 కిలోలు, లేనివారు 5.9 కిలోలు తగ్గారు. పరికరం కట్టుకున్నంత మాత్రాన బరువు తగ్గదని దీనివల్ల తెలుస్తోంది. కంచంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచుకోవడం, రోజూ నడవడం మనం చేయవలసిన పనులే.

8. నిద్ర

ఎన్ని గంటలకు పడుకున్నాము, ఎన్ని గంటలకు లేచాము అన్నది వాచీ దాదాపుగా చెప్పగలదు. నిద్ర పట్టక కదలకుండా పడుకుని ఉన్న సమయాన్ని కూడా నిద్రగానే లెక్కవేస్తుంది. గాఢనిద్ర ఎంత, కలల నిద్ర ఎంత అన్న లెక్కలు అంత నమ్మదగినవి కావు. వాటిని సరిగా తెలుసుకోవాలంటే తలకు తీగలు పెట్టి రాత్రంతా పరీక్షించాలి.

వాచీలో నిద్ర మార్కులు తక్కువ వచ్చాయని దిగులుపడి, ఆ దిగులుతోనే నిద్ర పోగొట్టుకునేవారు ఉన్నారు. అమెరికా నిద్ర వైద్యులు 2017లో దీనికి ఒక పేరు కూడా పెట్టారు. ఉదయం లేచినప్పుడు ఒళ్ళు తేలికగా ఉంటే మీ నిద్ర బాగున్నట్టే. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఇంట్లోవారు చెబితే, పగలు కూర్చున్నచోటే కునుకు వస్తుంటే, వాచీ మార్కులు ఎలా ఉన్నా డాక్టరుకు చెప్పాలి.

మీ వాచీని మీరే పరీక్షించుకోండి

అడుగుల పరీక్ష: వాచీలో ఉన్న అంకె రాసుకుని, మామూలుగా నడుస్తూ నోటితో 100 అడుగులు లెక్కపెట్టండి. వాచీ 95 నుండి 105 మధ్య పెంచితే మంచిదే. మీరు చేతికర్రతో నడిచేవారైతే కర్రతోనే నడిచి చూడండి.

నాడి పరీక్ష: ఐదు నిమిషాలు కూర్చోండి. బొటనవేలి కింద మణికట్టు దగ్గర రెండు వేళ్ళు ఆనిస్తే నాడి తగులుతుంది. గడియారం చూస్తూ 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. లయ తప్పుతున్నట్టు అనిపిస్తే పూర్తి నిమిషం లెక్కపెట్టండి. అదే సమయంలో వాచీ చూపే అంకెతో పోల్చండి. వాచీ ఉన్నా లేకున్నా ఇంట్లో ఒకరికి నాడి చూడడం వచ్చి ఉండాలి.

తువ్వాలు పరీక్ష: వాచీని చుట్టిన తువ్వాలుకు కట్టి చూడండి. కొన్ని చవక వాచీలు తువ్వాలుకు కూడా నాడి, బి.పి. చూపిస్తాయి. మీ వాచీ అలా చూపితే, అందులో అడుగుల లెక్క తప్ప మరేదీ పట్టించుకోకండి.

పెట్టుకునే పద్ధతి: మణికట్టు ఎముకకు ఒక వేలి వెడల్పు పైన, కదలకుండా, అయితే చర్మం మీద అచ్చు పడనంత బిగువుగా పెట్టుకోండి. గాజులు నిండుగా ఉన్న చేతికి కాకుండా రెండవ చేతికి పెట్టుకోవడం మేలు. చెమట, సబ్బు నిలిస్తే దద్దుర్లు వస్తాయి కనుక రోజూ తీసి చేయి, పట్టీ తుడిచి ఆరనివ్వండి. ఫోనులో వయసు, ఎత్తు, బరువు సరిగా నింపండి. వాచీ మీకు కాకుండా పిల్లల పేరుతో నమోదై ఉంటే లెక్కలన్నీ తప్పుతాయి.

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: నాకు పేస్‌మేకరు ఉంది. వాచీ పెట్టుకోవచ్చా?
జవాబు: మీ గుండె డాక్టరును అడిగి పెట్టుకోండి. ఫోన్లలో, వాచీలలో అయస్కాంతాలు ఉంటాయి కనుక వాటిని పేస్‌మేకరుకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2021లో సలహా ఇచ్చింది. వాచీ ఉన్న చేతిని ఛాతీ మీద పెట్టుకుని నిద్రపోవద్దు. శరీరంలో కొవ్వు ఎంతో చెప్పే సదుపాయం ఒంట్లోకి స్వల్పంగా కరెంటు పంపుతుంది. పేస్‌మేకరు ఉన్నవారు, గర్భిణులు దానిని వాడకూడదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి నా వాచీ లెక్కలు తన ఫోనులో చూస్తాడు. కాస్త తేడా వస్తే ఫోను చేసి కంగారు పడతాడు. ఏం చేయాలి?
జవాబు: ఆయన ప్రేమను తప్పు పట్టలేము. అయితే ఏ అంకెకు కంగారు పడాలో ముందే మాట్లాడుకోండి. ఈసారి చెకప్‌కు వచ్చినప్పుడు డాక్టరును అడిగి, మీకు సరిపడే హద్దులు కాగితం మీద రాయించుకుని అబ్బాయికి పంపండి. ఒక్కసారి వచ్చిన అంకెకు కాకుండా, మళ్ళీ చూసినా అలాగే ఉన్న అంకెకే స్పందించమని చెప్పండి. "నాన్నగారూ, వాచీ ఎంత చూపింది?" అని అడిగే ముందు "ఒంట్లో ఎలా ఉంది?" అని అడగమనండి.

ప్రశ్న: నాకు బి.పి., షుగరు ఉన్నాయి. వాచీ కొనమంటారా?
జవాబు: ముందు బి.పి. యంత్రం, గ్లూకోమీటరు కొనండి. రెండూ కలిపినా మంచి కంపెనీ వాచీ ధరలో కొంత భాగమే అవుతుంది. ఆ తరువాత డబ్బు మిగిలి, నడకకు ప్రోత్సాహం కావాలనుకుంటే వాచీ కొనుక్కోండి. అప్పు చేసి కొనవలసిన వస్తువు కాదు.

వాచీ వైపు చూడకుండా వెంటనే రావలసిన సందర్భాలు

ఛాతీలో నొప్పి, బరువు, మంట, అది ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకడం, చెమటలు పట్టడం. షుగరు ఉన్నవారిలో, స్త్రీలలో, వృద్ధులలో నొప్పి లేకుండా ఆయాసం, విపరీతమైన నీరసం మాత్రమే ఉండవచ్చు.

ఉన్నట్టుండి మూతి వంకర పోవడం, ఒక చేయి లేదా కాలు పడిపోవడం, మాట తడబడడం.

స్పృహ తప్పడం, విశ్రాంతిగా ఉన్నా ఆయాసం, తగ్గని గుండె దడతో పాటు కళ్ళు తిరగడం.

వీటిలో ఏది కనిపించినా వాచీ అంకె బాగుందని ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి, లేదా దగ్గరలోని ఆసుపత్రికి చేరండి. గుండెపోటులోనూ పక్షవాతంలోనూ మొదటి గంటలే ప్రాణాన్ని, కాళ్ళు చేతులను కాపాడతాయి.

గుర్తుంచుకోండి

- అడుగులు, విశ్రాంతిగా ఉన్నప్పటి నాడి: చాలావరకు నమ్మవచ్చు. వారాల తరబడి తీరు చూడండి.
- నాడి క్రమం తప్పిందన్న హెచ్చరిక: భయపడకండి, వచ్చి ఇ.సి.జి. తీయించుకోండి.
- ఆక్సిజన్, నిద్ర: సుమారు లెక్కలు మాత్రమే.
- కేలరీలు: లెక్కలోకి తీసుకోకండి.
- బి.పి.: వాచీని నమ్మి మందు మార్చకండి. దండకు చుట్టే యంత్రంతో చూడండి.
- షుగరు: గుచ్చకుండా కొలిచే వాచీ అంటే నమ్మకండి.
- గుండెపోటును ఏ వాచీ పట్టలేదు.

ఈసారి చెకప్‌కు వచ్చేటప్పుడు మీ వాచీని, ఇంట్లోని బి.పి. యంత్రాన్ని, అంకెలు రాసుకున్న పుస్తకాన్ని వెంట తీసుకురండి. మా నర్సులు ఆసుపత్రి యంత్రంతో సరిపోల్చి, తేడా ఎంత ఉందో మీ పుస్తకంలో రాసి ఇస్తారు.